ఊరు విడిచేవారు, ఊరిని ఏలేవారు: వలసకూ పాలనకూ లంకె ఎంత?

పాలన బాగాలేకే జనం దేశాలు పట్టి పోతున్నారని ఒకరంటారు. జనం పోవడం వల్లే అడిగే దిక్కు లేక పాలన చెడుతోందని మరొకరంటారు. పోయినవాళ్లు పంపే డబ్బు, నేర్చుకొచ్చే పద్ధతులు ఊరిని బాగుచేస్తున్నాయన్నది మూడో మాట. మూడింటికీ ఆధారాలున్నాయి, అందుకే చర్చ తెగడం లేదు. ఆర్థికవేత్తలు, రాజనీతి శాస్త్రవేత్తలు 50 ఏళ్లుగా ఈ ప్రశ్నతో కుస్తీ పడుతున్నారు. ఒక దేశంలో తేలిన ఫలితం ఇంకో దేశంలో తలకిందులవుతోంది.

ఈ వాదాలను బేరీజు వేయడానికి కోనసీమ తగిన చోటు. గౌతమి ఒడ్డున ఉన్న కె.గంగవరం మండలం 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లాలో భాగమైంది. ఇటువంటి మండలాలున్న ఈ గోదావరి డెల్టా నుంచి ఒకప్పుడు రంగూన్‌కు కూలీలు వెళ్లారు. తర్వాత గల్ఫ్‌కు ఇంటిపని మనుషులు, అమెరికాకు ఇంజనీర్లు వెళ్లారు. ఒకే నేల మీది మూడు రకాల వలసలివి. పాలనతో ఒక్కోదానికి ఒక్కో రకం సంబంధం.

రంగూన్ నుంచి కువైట్ దాకా

గోదావరి డెల్టా ఎప్పుడూ పచ్చగా లేదు. 19వ శతాబ్దం తొలి సగంలో కరువులు, తుపాన్లు, శిస్తు భారం రాజమండ్రి జిల్లాను పీల్చి పిప్పి చేశాయి. ఆ దుస్థితిపై 1844లో హెన్రీ మాంట్‌గొమరీ నివేదిక ఇచ్చాడు. దాని తర్వాతే ఆర్థర్ కాటన్ చేతుల మీదుగా 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట లేచింది. కాలువలు పారాక ఇతర ప్రాంతాల వాళ్లు డెల్టాకు రావడం మొదలుపెట్టారు. ప్రభుత్వం చేసిన ఒక్క పని వలస దిశను ఎంతగా మార్చగలదో చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

అయితే నీళ్లు వచ్చాక కూడా కోరంగి, కాకినాడ రేవుల నుంచి బర్మాకు ఓడలు ఆగలేదు. భూమి లేనివాడికి కాలువ వచ్చినా ఒరిగేది కూలి డబ్బులే. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ముందు బయానా ఇచ్చి, తర్వాత కూలిలో కోసుకునేవాడు. 1922లో వలసల చట్టం వచ్చినా వాళ్లకు దక్కింది లేదు. 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక భాగం కాబట్టి అక్కడికి పోవడం చట్టం దృష్టిలో విదేశీ వలసే కాదు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య చెలరేగిన అల్లర్లలో, 1942లో జపాన్ దాడికి భయపడి కాలినడకన తిరిగొచ్చిన దారిలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1960లలో తిరిగొచ్చినవారి గుర్తుగా విశాఖపట్నంలో బర్మా క్యాంపు నేటికీ ఉంది.

1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ తలుపు తెరుచుకుంది. 1983లో కొత్త వలసల చట్టం వచ్చింది. పదో తరగతి పాస్ కాని వాళ్లు 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలసల రక్షణాధికారి అనుమతి తప్పనిసరి. ఇంకోవైపు 1965 అమెరికా చట్టం తర్వాత డాక్టర్లు, 1990లలో వైటూకే కంప్యూటర్ సమస్య పుణ్యమా అని సాఫ్ట్‌వేర్ వాళ్లు అట్లాంటిక్ దాటారు. ఒకే డెల్టా నుంచి ఒకరు ఇంటిపని వీసా మీద కువైట్‌కు, ఇంకొకరు హెచ్1బీ మీద డాలస్‌కు. పాలన మీద ఈ ఇద్దరి పలుకుబడి ఒకటి కాదు.

మొదటి వాదం: పాలన తరిమితేనే వలస

ఈ వాదం సూటిగా ఉంటుంది. లంచం, అవినీతి, న్యాయం దొరకకపోవడం, రేపటి మీద భరోసా లేకపోవడం జనాన్ని బయటికి నెడతాయి. ముఖ్యంగా చదువుకున్నవాళ్లు పాలన బాగున్న దేశాల వైపే మొగ్గుతారని ఆరియు, డోకియే, స్క్విచారిని 2016లో ప్రచురించిన అధ్యయనం చూపింది. 1844 నాటి రాజమండ్రి జిల్లా కూడా ఈ వాదం పక్షానే సాక్ష్యం చెబుతుంది.

కాని కేరళ దగ్గర ఈ వాదానికి కాళ్లాడవు. విద్య, వైద్యం, పంచాయతీల పనితీరులో దేశంలో ముందున్న రాష్ట్రమే వలసలోనూ ముందుంది. 2023 కేరళ వలసల సర్వే ప్రకారం సుమారు 22 లక్షల మంది బయట ఉన్నారు. కోనసీమ కూడా కరువు సీమ కాదు. వరి, కొబ్బరి, ఆక్వా ఉన్న చోటు నుంచే ఆడవాళ్లు షేకుల ఇళ్లలో పనికి వెళుతున్నారు. పాలనంటే ఎవరికి ఎంత దక్కిందన్నది కూడా. భూమి ఉన్నవాడికి కాలువ, కౌలుదారుకు గుర్తింపు కార్డు కోసం తిరుగుడు, కూలీకి పని దొరకని నెలలు. సగటు లెక్క బాగున్నా అడుగున ఉన్నవాళ్లు పోతూనే ఉంటారు.

రెండో వాదం: అడిగేవాడు పోతే ఏలేవాడికి పండగ

ఈ వాదానికి పునాది 1970లో ఆల్బర్ట్ హిర్ష్‌మన్ రాసిన ‘ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ’. సేవ నచ్చనివాడికి రెండు దారులు: వెళ్లిపోవడం, లేదా నిలబడి అడగడం. మొదటిది తేలికైతే రెండోది సన్నగిల్లుతుంది. ఆయన నైజీరియా రైల్వేను ఉదాహరణగా చూపాడు. సరుకు పంపేవాళ్లు లారీలకు మళ్లడంతో రైల్వేను నిలదీసేవాళ్లు లేకుండా పోయారు, రైల్వే అలాగే కునారిల్లింది.

వలసకు దీన్ని అన్వయిస్తే వచ్చేది ‘ఆవిరి గొట్టం’ సూత్రం. అసంతృప్తి విమానమెక్కి పోతుంది, పాలకుడి మీద ఒత్తిడి తగ్గుతుంది. మెక్సికోలో వలస ఎక్కువున్న మున్సిపాలిటీల్లో జనం రాజకీయాలకు దూరమవుతున్నారని గుడ్‌మన్, హిస్కీ 2008లో తేల్చారు. వాళ్లు ఊళ్లోనే ఉంటారు, కాని ఆశ సరిహద్దు అవతల. వలసదారులు ఇంటికి పంపే డబ్బు వల్ల ప్రభుత్వాలు బద్ధకిస్తాయని అబ్దీ, చామీ, దాఘర్, మాంటీల్ 2012లో రాశారు. కుటుంబమే అన్నీ చూసుకుంటుంటే సర్కారు తన ఖర్చును వేరే చోటికి మళ్లిస్తుంది. అదే ఏడాది ఫైజల్ అహ్మద్ మరో అడుగు ముందుకేసి, నియంతృత్వాల్లో ఈ డబ్బు పాలకుల ఆయుష్షు పెంచుతుందన్నాడు. మేధావులు పోతే దేశానికి నష్టం కాబట్టి వాళ్ల సంపాదన మీద పన్ను వేయాలని జగదీశ్ భగవతి 1970లలోనే ప్రతిపాదించాడు.

ఊళ్లో ఈ వాదం కంటికి కనబడుతుంది. గల్ఫ్ డబ్బు అందిన ఇంట్లో ముందు అప్పు తీరుతుంది, తర్వాత డాబా లేస్తుంది. పిల్లలు కాన్వెంటుకు, జబ్బు చేస్తే ప్రైవేటు ఆసుపత్రికి, తాగే నీటికి ప్లాంటు టిన్ను. ఇవి తప్పు కాదు. అయితే సర్కారు బడిలో టీచరు లేడని, మంచినీటి పథకం పని చేయడం లేదని గొడవ చేయగల స్తోమత ఉన్న ఇల్లే ఆ గొడవ అవసరం లేని ఇల్లయింది. మిగిలింది అడగలేనివాళ్లు.

మూడో వాదం: పోయినవాళ్లే మార్పు తెస్తారు

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే ఆధారాలూ గట్టివే. 1850-1930 మధ్య స్వీడన్ నుంచి సుమారు 13 లక్షల మంది అమెరికాకు వెళ్లారు. ఎక్కువ మంది వెళ్లిన చోట్ల కార్మిక సంఘాలు బలపడ్డాయని, ఓటింగ్ పెరిగిందని కరాజా, ప్రావిట్జ్ 2019లో నిరూపించారు. కూలీకి వెళ్లిపోయే దారి ఉందని తెలిస్తే యజమాని మాట వినక తప్పలేదు. ఇక్కడ వెళ్లిపోవడం, అడగడం రెండూ ఒకదానికొకటి ఊతమయ్యాయి.

కేప్ వెర్డె దీవుల్లో బాటిస్టా, విసెంటె చేసిన ప్రయోగం (2011) ఇంకా ఆసక్తికరం. ప్రభుత్వ సేవల్లో అవినీతి మీద సర్వే చేసి, ఫలితాలు పత్రికల్లో రావాలనుకుంటే ఈ పోస్టుకార్డు పంపండి అని ప్రజల చేతికిచ్చారు. వలసదారులు ఉన్న చోట్ల నుంచి కార్డులు ఎక్కువ వచ్చాయి. అందులోనూ అమెరికా లాంటి పాలన మెరుగైన దేశాలకు వెళ్లినవారి ప్రభావమే ఎక్కువ. మొల్డోవాలో 2009 ఎన్నికలూ ఇదే చెప్పాయి. పశ్చిమ ఐరోపాకు వలస పోయిన ప్రాంతాల్లో కమ్యూనిస్టు ప్రభుత్వానికి ఓట్లు తగ్గాయి, రష్యాకు పోయిన చోట్ల ఆ మార్పు కనబడలేదు. నియంతృత్వ దేశాల్లో వలసదారులు పంపే డబ్బు నిరసనలకు ఇంధనమవుతుందని ఎస్క్రిబా-ఫోల్చ్, మెసెగర్, రైట్ చూపారు. ఫైజల్ అహ్మద్ మాటకు ఇది సరిగ్గా తిరగబడ్డ ఫలితం.

తెలుగువారిలో ఈ వాదానికి అమెరికా వలసే ఆధారం. 1977లో పుట్టిన తానా మొదలు అక్కడి సంఘాలు సొంత ఊళ్లలో బడులకు, గ్రంథాలయాలకు, వైద్య శిబిరాలకు డబ్బు పంపుతున్నాయి. 1997లో మొదలైన జన్మభూమి కార్యక్రమం ప్రజల వాటా మీదే నడిచింది, ప్రవాసుల చేయీ అందులో కలిసింది. ఎన్నికలప్పుడు సెలవు పెట్టి వచ్చి ప్రచారం చేసేవాళ్లున్నారు. అమెరికాలో స్థిరపడిన డాక్టరు పెమ్మసాని చంద్రశేఖర్ 2024లో గుంటూరు నుంచి గెలిచి కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. పోయినవాడి పలుకుబడి ఊరికి తిరిగి చేరుతుందనడంలో సందేహం లేదు. ఆ పలుకుబడి ఎవరి సమస్యను ముందు పెడుతుందన్నదే ప్రశ్న.

నాలుగో వాదం: ఎవరు పోయారన్నదే అసలు సంగతి

దేవేశ్ కపూర్ 2010లో రాసిన పుస్తకం చర్చను కొత్త మలుపు తిప్పింది. భారతదేశం నుంచి పై కులాల, పై వర్గాల చదువరులు విదేశాలకు పోవడం వల్ల కింది వర్గాల రాజకీయ ఎదుగుదలకు వచ్చే ప్రతిఘటన తగ్గిందని, ప్రజాస్వామ్యం ఆ మేరకు నిలదొక్కుకుందని ఆయన వాదన. మేధావుల వలస నష్టమే అన్న భగవతి ఆలోచనకు ఇది పక్కా ప్రత్యామ్నాయం.

తెలుగు నేల మీద ఈ వాదం సగమే అతుకుతుంది. ఇక్కడ అమెరికా వెళ్లిన కుటుంబాల్లో భూమి ఉన్న వర్గాలు గణనీయం. అవి ఊరిని విడిచాయి గాని రాజకీయాన్ని విడవలేదు. పొలం కౌలుకిచ్చి, పార్టీ అనుబంధం నిలుపుకుని, ఎన్నికలకు చేయి కలుపుతూనే ఉన్నాయి. పోయినవాడి ఖాళీ కింది వర్గాలకు అందాలంటే అతను తన పట్టును కూడా వదలాలి.

నాలుగు వాదాలూ పక్కపక్కన

మొదటి వాదం కారణాన్ని పాలనలో వెదుకుతుంది. బలం: చదువుకున్నవారి కదలికను బాగా వివరిస్తుంది. లోపం: కేరళ, కోనసీమల్లాంటి చోట్ల ఆగిపోతుంది.

రెండో వాదం వలస ఫలితాన్ని చూస్తుంది. బలం: ఊళ్లో కనిపించే ప్రైవేటు బాట, గ్రామసభల నీరసం దీనికి సరిపోతాయి. లోపం: స్వీడన్ చరిత్ర దీన్ని కాదంటోంది.

మూడో వాదం తిరిగొచ్చే ఆలోచనల మీద నమ్మకం పెట్టుకుంది. బలం: ప్రయోగాలు, ఎన్నికల లెక్కలు వెంట ఉన్నాయి. లోపం: ఆధారాల్లో ఎక్కువ భాగం ప్రజాస్వామ్య దేశాలకు వెళ్లినవారివే.

నాలుగో వాదం పోయింది ఏ వర్గమని అడుగుతుంది. బలం: భారత సమాజానికి దగ్గరగా ఉంది. లోపం: పై వర్గాల వలస గురించి చెప్పినంత, ఇంటిపనికి వెళ్లే దళిత, వెనకబడిన కులాల ఆడవాళ్ల గురించి చెప్పలేదు.

కోనసీమ సాక్ష్యం

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర లేదని, మురుగు కాలువలు పూడిపోయాయని, కూలి ఖర్చు భరించలేమని వేల ఎకరాల్లో నాట్లు వేయలేదు. ఊరు విడవకుండానే వ్యవసాయం నుంచి తప్పుకోవడం అది. దేశం దృష్టి కోనసీమ మీద పడింది, ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. రైతులు పక్కకు తప్పుకోవడమే గొంతుగా మారింది, ఎందుకంటే వాళ్లు కలిసి తప్పుకున్నారు, చెప్పి తప్పుకున్నారు.

అదే పొలాల్లో కూలి చేసే ఇంటి ఆడమనిషి కువైట్ వెళితే ఏ కమిటీ పడదు. ఆమె ఒంటరిగా, సబ్ ఏజెంటుకు వడ్డీ డబ్బు కట్టి, చాలాసార్లు విజిట్ వీసా మీద పోతుంది. 30 ఏళ్లు నిండాలని, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలని కేంద్రం పెట్టిన నిబంధనలు ఆమెను కాపాడాలనే. ఆచరణలో అవి దొడ్డిదారిని ఖరీదు చేశాయి. దొడ్డిదారిన వెళ్లినామె రికార్డులో ఉండదు, రికార్డులో లేనామెకు 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా వర్తించదు. రంగూన్ మేస్త్రీ పోయి సబ్ ఏజెంటు వచ్చాడు, చట్టం చూపు పడని చోటు మాత్రం అలాగే ఉంది.

తెలంగాణతో పోలిస్తే తేడా తెలుస్తుంది. కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల మగవాళ్లు కంపెనీ క్యాంపుల్లో కలిసి ఉంటారు. సంఘాలు పెట్టుకున్నారు, ఇంటి దగ్గర ఎన్నికల్లో బేరమాడారు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షలు ఇవ్వాలన్న తెలంగాణ ప్రభుత్వ నిర్ణయం 2024లో అలా వచ్చింది. ఒక్కో ఇంట్లో ఒక్కరుగా, ఫోను కూడా యజమాని దయ మీద ఆధారపడే కోనసీమ ఇంటిపని మనిషికి సంఘమనే మాటే అందదు. వలస ఒకటే అయినా గొంతు పుట్టే వీలు వేరు.

ఇలా ఒంటరిగా వెళ్లినవాళ్ల గొంతు వినబడే దారి ఇప్పుడు సెల్‌ఫోన్ వీడియో. 2024లో కోనసీమకు చెందిన ఒకాయన, ఖతర్‌లో పని అని తీసుకెళ్లి సౌదీ ఎడారిలో ఒంటెల దగ్గర వదిలేశారని వీడియో పెట్టారు. మంత్రి నారా లోకేశ్ స్పందించారు, ఆయన ఇంటికి చేరారు. మంచి పనే. కాని వీడియో వైరల్ కాని వాళ్ల సంగతేమిటి? దయ మీద నడిచే సాయాన్ని పాలన అనలేం. రాష్ట్రంలో విదేశీ ఉద్యోగాల కోసం 2006లో ఓంక్యాప్ సంస్థ పుట్టింది, తర్వాత ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ వచ్చింది, అమలాపురంలో జిల్లా యంత్రాంగం వలసదారుల కోసం కేంద్రం తెరిచింది. ఇవన్నీ సరైన దిశలో అడుగులే. 1996లోనే ప్రవాసుల కోసం నోర్కా శాఖ పెట్టి, 1998 నుంచి క్రమంగా వలస సర్వేలు చేయించుకుంటున్న కేరళతో పోలిస్తే మనం వెళ్లాల్సిన దూరం చాలా ఉంది.

ఇంకా తేలనివి

మొదటిది, కారణం ఏది, ఫలితం ఏది. ఉదాహరణకు, కోనసీమలోని కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్ల రైలు మార్గం 2000-01లో మంజూరైంది. అప్పటి లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి చొరవతో కదిలిన ఆ పని పాతికేళ్లయినా పూర్తి కాలేదు. కోటిపల్లి రేవు నుంచి ముక్తేశ్వరం వైపు జనం నేటికీ రేవు దాటే వెళుతున్నారు. ఊరి చదువరులు అమెరికాలో, కష్టజీవులు గల్ఫ్‌లో ఉండబట్టే అడిగేవాళ్లు లేరనడం తేలిక. బాలయోగి 2002 మార్చిలో ప్రమాదంలో పోవడం, రాష్ట్ర వాటా నిధులు, భూసేకరణ వంటి కారణాలను పక్కనపెట్టి ఆ మాట అనలేం. పాలన లోపం ప్రతిదాన్నీ వలసకు అంటగట్టడం పొరపాటు.

రెండోది, పాలనను దేనితో కొలవాలి. ప్రపంచ బ్యాంకు 1996 నుంచి ఇస్తున్న పాలన సూచికలు దేశం మొత్తానికి ఒక మార్కు వేస్తాయి, అదీ ఎక్కువగా అభిప్రాయాల మీద. కె.గంగవరంలో రేషన్ ఎలా ఉంది, గ్రామసభ కూర్చుందా అన్నది ఆ మార్కులో కనబడదు. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీల గడువు 2018 ఆగస్టులో ముగిస్తే ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. ఆ రెండున్నరేళ్లు ఊరిని ఏలింది ప్రత్యేకాధికారులు. వలసదారు కుటుంబం అప్పుడు ఎవరిని అడగాలి?

మూడోది, గల్ఫ్ ప్రభావం. ఓటు లేని చోట, యజమాని అనుమతి లేనిదే ఉద్యోగం మారలేని చోట ఏళ్ల తరబడి బతికినవాళ్లు ఊరికి ఏ రాజకీయ అలవాటు తెస్తారు? మొల్డోవా ఫలితాన్ని ఇక్కడికి నేరుగా తేలేం. గల్ఫ్‌లో రోడ్డు, కరెంటు, టైముకు జరిగే పని చూసినవాళ్లు ఇక్కడ ఊరుకోరని ఒక ఊహ. గొంతెత్తితే దేశం దాటించే చోట ఉన్నవాళ్లు సర్దుకుపోవడమే నేర్చుకుంటారని ఇంకో ఊహ.

నాలుగోది, ఆడవాళ్ల వలస. ఇంట్లో డబ్బు పంపే మనిషి భార్య అయితే, ఊళ్లో నిర్ణయం భర్తదే అయితే, ఆమె సంపాదన ఆమెకు గొంతు ఇస్తుందా? పాలన మీద జరిగిన అధ్యయనాలు ఈ ప్రశ్నను పెద్దగా పట్టించుకోలేదు.

తీర్పు

నాలుగు వాదాలను కలిపి చూస్తే ఒక సంగతి నిలుస్తుంది. వలస దానంతట అది పాలనను బాగుచేయదు, పాడు చేయదు. వెళ్లినవాడి గొంతు ఊరికి తిరిగి చేరే దారి ఉంటే బాగు, లేకపోతే చేటు. స్వీడన్ కూలీకి సంఘం, కేరళ వలసదారుకు నోర్కా, తెలంగాణ గల్ఫ్ కార్మికుడికి ఎన్నికల బేరం, అమెరికా తెలుగువాడికి డబ్బు, పరిచయాలు ఆ దారులు. కోనసీమ ఇంటిపని మనిషికి ఇంకా దారి పడలేదు.

ఓటు కూడా ఆ దారి కాలేదు. ప్రవాసులు ఓటరు జాబితాలో చేరవచ్చని 2010 సవరణ చెప్పింది గాని, పోలింగ్ బూతుకు స్వయంగా రావాలి. బదులు మనిషితో ఓటు వేయించే బిల్లు 2018లో లోక్‌సభ దాటి, ఆ తర్వాత కాలం చెల్లింది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద నమోదైన ప్రవాస ఓటర్లు సుమారు 1.2 లక్షలు, బూతుకు వచ్చి ఓటు వేసినవారు మూడు వేల లోపు. సెలవు దొరికేవాడికీ టికెట్టు కొనగలిగేవాడికీ మాత్రమే అందే హక్కది.

చట్టం మారడానికి ఢిల్లీ కదలాలి. దానికి ముందు గ్రామ సచివాలయం చేయగల పని ఒకటుంది. ఊరి నుంచి ఎవరు, ఏ దేశానికి, ఏ వీసా మీద, ఏ ఏజెంటు ద్వారా వెళ్లారో, ఇంటి దగ్గర ఎవరిని సంప్రదించాలో ఒక రిజిస్టరులో రాసి ఉంచడం. లెక్కలో లేని మనిషికి బీమా రాదు, పరిహారం రాదు, ఆమె పేరున ఏ కమిటీ కూర్చోదు. వచ్చే గ్రామసభకు వెళ్లినప్పుడు మీ ఊరి వలసదారుల రిజిస్టరు ఎక్కడుందని అడగండి. లేదంటే, అది తెరిచేదాకా మళ్లీ మళ్లీ అడగండి.